గోడవార పసుపుతల పూలు

బేరమాడటంలో నన్ను మించినవాడు ఈ న్యూకాసిల్‌లో లేడని చెప్పుకుంటే గొప్పలకు పోతున్నానని అనుకోకండి, నా దగ్గర రుజువుంది. ఒక చర్చి కమిటీ ముందు నిలబడి, పైసా తీయకుండా, గొంతు పెంచకుండా, టీ చల్లారేలోపల వాళ్ళు దాదాపు ఖాయం చేసుకున్న నిర్ణయాన్ని తిరగ్గొట్టించాను. వాళ్ళ ఖర్చు పెంచాను. నాకు తెలిసినంతలో లోకంలో ఇంకెక్కడా లేని ఒక పువ్వును తారు కింద పూడ్పించాను. మా తెనాలి బట్టల బజారులో మొండివాళ్ళను చూశాను, మోసగాళ్ళను చూశాను, బేల్ కొంటూ దుకాణాన్నే కొనేసినవాణ్ణి కూడా చూశాను. కానీ అంత తక్కువ శ్రమతో అంత నష్టం తెచ్చిపెట్టిన ఘనుణ్ణి మాత్రం నేను అద్దంలోనే చూశాను.

ఈ ఉదయం మా కిరాణా కొట్టు షట్టరు ఎత్తుతుంటే మళ్ళీ ఆ వాసన తగిలింది. మా వీధి మలుపులో కౌన్సిల్ వాళ్ళు గుంత పూడుస్తున్నారు. ఫిబ్రవరి చలిగాలిలో వేడి తారు వాసన పైకి పోదు. ముక్కులోంచి గొంతులోకి దిగి నాలుక మీద చేదుగా కూర్చుంటుంది. పక్క టేక్‌అవే హోటలు కుర్రాడు గుంత పోతున్నందుకు సంబరపడుతున్నాడు. నేనేమో చేతిలో ఉన్న కరివేపాకు పెట్టెను ఎత్తి కుదేశాను. లోపలినుంచి మా ఆవిడ పద్మ, "పొద్దున్నే ఎవరి మీదండీ?" అంది. "తారు మీద" అన్నాను. పెట్టె తీసుకుని లోపలికి పోయింది. ఎస్తేరు ఆంటీ గుర్తొచ్చిన రోజున నాతో బేరాలు పెట్టుకోకూడదని ఆమెకు తెలుసు.

ఎస్తేరు ఆంటీది చీరాల. నర్సుగా ఈ దేశం వచ్చి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో సిస్టరుగా, అంటే నర్సులకు పెద్దగా, చేసి రిటైరైన మనిషి. భర్త పోయారు, కొడుకు దూరంగా హారో అనే చోట స్థిరపడ్డాడు. ఆవిడ మాత్రం టైన్ నది ఎగువన, ఇక్కడికి రైల్లో అరగంట దూరంలో ఉన్న చిన్న ఊళ్ళో ఒంటరిగా ఉండేది. ఆ ఊళ్ళో పాత రాతిచర్చి ఒకటుంది. ఆవిడ ఆదివారాలు అక్కడ, శనివారాలు మా కొట్లో. పొట్టిగా, బిగించి ముడి వేసిన తెల్లజుట్టుతో, చీర మీద మోకాళ్ళ దాకా దిగే నల్లకోటుతో వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు కూరగాయల గంపల దగ్గర ఆవిడ చేస్తున్న పని చూసి నేను లెక్కలు చూసుకోవడం మానేశాను. అందరూ బాగున్నవి ఏరుకుంటారు కదా, ఈవిడ వంకరవి ఏరుతోంది. రెండు కలిసిపోయి పుట్టిన బెండకాయ, కొమ్ము మొలిచిన వంకాయ, పాము చుట్టలా తిరిగిన పచ్చిమిరపకాయ. ఓహో, ఇది తరుగు అడిగే రకం అనుకున్నాను. అలాంటివాళ్ళు అడగకముందే మనమే తగ్గిస్తే మర్యాద మనకు మిగులుతుంది.

"వంకరవి కదండీ, సగానికి ఇచ్చేస్తాను" అన్నాను, నా నవ్వుల్లోకెల్లా ఖరీదైనదాన్ని పెట్టి.

ఆవిడ తల ఎత్తింది. "ఏం? వంకరగా పుడితే సగమేనా?"

"అబ్బే, అది కాదండీ, ఎవరూ కొనరు కదా అని..."

"నేను కొంటున్నాగా? నిండు ధర కొట్టు. ఇంకోసారి తగ్గిస్తానన్నావంటే నీ కొట్టు గడప తొక్కను."

రేటు పెంచితే తిట్టినవాళ్ళు నాకు లక్షమంది. తగ్గిస్తే తిట్టిన మనిషి ఆవిడొక్కతే. ఆ కోపానికి నేను ఆ రోజే పడిపోయాను. ఆవిడ కోపంలో అరుపు ఉండదు, వణుకు ఉండదు. ఇంజెక్షను చేసేముందు దూదితో తుడిచినట్టు చల్లగా, శుభ్రంగా ఉంటుంది. వార్డులో డాక్టర్ల రౌండ్లప్పుడు ఆరో వేలితో పుట్టిన పసివాణ్ణి చూసి ఎవరైనా కుర్ర డాక్టరు మొహం అదోలా పెడితే, "వీడికి నీ మొహం కూడా అంత బాగా నచ్చలేదు" అనేదాన్నని తర్వాత ఎప్పుడో నవ్వుతూ చెప్పింది.

పరిచయమైన మొదటి ఫిబ్రవరిలో బియ్యం బస్తా ఇంట్లో దింపడానికి నా వ్యానులో ఆవిడను తీసుకెళ్ళాను. బస్తా దింపాక టీ ఇస్తుందనుకుంటే, ఒక క్యారీబ్యాగు మడిచి చేతికిచ్చి, "పద" అని చర్చి ఆవరణకు నడిపించింది. రోడ్డు వైపు, అంటే చర్చికి ఉత్తరాన, సమాధిరాళ్ళ మధ్య నేలంతా తెల్లగా ఉంది. స్నోడ్రాప్స్. చలి ఇంకా వదలకముందే మట్టి చీల్చుకుని వచ్చే జానెడు మొక్కలవి. కాడకొక తెల్లపువ్వు, అదీ తల వంచుకుని. కార్లు ఆపుకుని ఫొటోలు తీసుకునేవాళ్ళు అక్కడ నలుగురున్నారు. నేనూ ఫోన్ తీశాను.

"అది లోపల పెట్టు. కూర్చో."

"ఎక్కడండీ?"

"నేల మీద. క్యారీబ్యాగు ఎందుకిచ్చాననుకున్నావు? ఇవి నిలబడి చూసేవి కావు."

తడి నేల మీద మోకాళ్ళేశాను. ఆవిడ చూపుడువేలితో ఒక పువ్వు తల పైకెత్తింది. "పసిపిల్ల గడ్డం కింద వేలు పెట్టి ఎత్తినట్టు ఎత్తాలి. చూశావా, బయట మూడు పెద్ద రెక్కలు, లోపల మూడు పొట్టివి. పొట్టివాటి అంచున పచ్చచుక్క. పైన, కాడకు వేలాడే చోట ఈ బొడిపె, ఇది తల. ఆకుపచ్చ. ఇది మామూలుది. ఇప్పుడు వెతుకు." ఏం వెతకాలో చెప్పలేదు. నా నడుము విరిగేదాకా వెతికాక, బయటి రెక్కల కొసలకు కూడా పచ్చరంగు పూసుకున్నదొకటి నాకు కనిపించింది. కాస్త అవతల, ఒకే కాడకు రెండు పువ్వులున్నది. పువ్వు మీద ఆకుతొడుగు రెండుగా చీలి పైకి లేచి నిలబడ్డది ఇంకొకటి. దానికి ఆవిడ పెట్టిన పేరు గాడిదచెవులు. వేల పువ్వుల్లో ఒకటి, ఇంకో వేలల్లో ఇంకొకటి. ఎవరూ విత్తలేదు, ఎవరూ అంటు కట్టలేదు. వాటంతట అవే అలా పుట్టాయి.

అప్పుడు నన్ను చర్చికి దక్షిణంవైపు, పాత రాతిగోడ వారకు తీసుకెళ్ళింది. అక్కడ తెల్లదుప్పటి లేదు, అక్కడొకటి ఇక్కడొకటి పీలగా ఉన్నాయి. ఫొటోలవాళ్ళు అటు తిరిగి కూడా చూడరు. కానీ వాటి తలలు పసుపు. ఆకుపచ్చ ఉండాల్సిన చోటల్లా పసుపు, లోపలి చుక్క కూడా పసుపు. ఈ చుట్టుపక్కల నార్తంబర్లాండ్ అడవుల్లో ఈ పసుపువి అరుదుగా పుడతాయని, మామూలువాటిలా గబగబా పెరగవని చెప్పింది. గోడ మూల రాయి మొదట్లో, అరచేయంత మేర, ఇంకో రకముంది. తల పసుపే, కానీ లోపలి మూడు రెక్కలూ బయటివాటంత పొడుగు. చుక్క లేదు. ఆరు రెక్కలూ సమానంగా, తెల్లగా, బోర్లించిన గిన్నెలా. ఇలా ఆరు రెక్కలూ సమంగా ఉన్నవి ఆవిడ విడిగా చూసింది, పసుపుతలవి విడిగా చూసింది. రెండూ ఒక్కదాంట్లో ఇంకెక్కడా చూడలేదు, విననూలేదు. ఆవిడ దాన్ని మొదట చూసినప్పుడు ఒక్కటే కాడ అట. ఏటా మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూసుకుంటూ, ఇంతదాకా వచ్చిందని అరచెయ్యి చాచి చూపించింది.

"ఇది ఎంతకు పోతుంది ఆంటీ?" అన్నాను. నా నోరు నా మాట వినదు.

"పోతుంది. వెల్లుల్లి రెబ్బంత దుంపకి నీ కొట్టు నెల అద్దె ఇచ్చే పిచ్చివాళ్ళున్నారు. తవ్వుకుపోయి దానికి వాళ్ళావిడ పేరు పెట్టుకుంటారు."

"అందుకే ఎవరికీ చెప్పలేదా?"

"దాచుకున్నానా ఏంటి? పట్టపగలు ఇక్కడే కూర్చుంటాను. అడిగితే చెప్తాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఇంజెక్షను ముందరి చల్లదనం ఉంది. నేను పట్టించుకోలేదు.

తర్వాత ప్రతి ఫిబ్రవరీ వెళ్ళాను. వ్యాపారం ఎలా ఉంది, మీ అమ్మాయి చదువు ఎలా ఉంది అని ఆవిడ నన్ను అడిగినట్టే, "గోడవారది ఎలా ఉంది?" అని అడగడం నాకు అలవాటైంది. చిన్నప్పటినుంచీ నేను చూసిన చూపంతా సరుకు మీద చూపే. దేనికి మచ్చ ఉంది, ఎంత తగ్గించొచ్చు అనే. మచ్చ కోసమే నేలమీద పాకే మనిషిని, అది దొరికితే మొహం వెలిగే మనిషిని అంతకుముందు చూడలేదు. కొట్లో నేనూ కవల బెండకాయ వస్తే పక్కన పెట్టడం మొదలుపెట్టాను. పద్మ నవ్వేది, "మీ ఆంటీకా?" అని.

ఆవిడ తుంటి విరిగింది ఒక ఏప్రిల్‌లో, ఇంటి మెట్ల మీద జారి. ఆపరేషనయ్యాక వార్డులో పడుకుని ఉంది. చూడటానికి వెళితే నొప్పి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చర్చికి ర్యాంపు వేస్తున్నారట. నడవలేనివాళ్ళకు, చక్రాల కుర్చీలవాళ్ళకు, రెండు కార్లు ఆగే జాగాతో సహా. ఉత్తరం వైపు వేయాలా, దక్షిణం గోడ వైపు వేయాలా అని కమిటీ తర్జనభర్జన పడుతోందట. వచ్చే వారమే మీటింగు.

"నేను లేచి వెళ్ళలేను. నువ్వెళ్ళి చెప్పు" అంది.

"మీరు నాకొదిలేయండి ఆంటీ, నేను చూసుకుంటాను."

"చూసుకోవద్దు. చెప్పు. గోడవార పసుపువి ఉన్నాయి, వచ్చి చూసుకోండి, అటు తవ్వొద్దు. అంతే. ఇందులో నీ కొట్టు తెలివి పెట్టకు ప్రసాదూ."

"అయ్యో, నేనెందుకు పెడతానండీ!"

ఎందుకు పెట్టానంటే, నాకు వేరే తెలివి లేదు గనక. మా నాన్న నన్ను బెజవాడ టోకు బజారుకు తీసుకెళ్ళిన మొదటిరోజునే నేర్పాడు: నీకు కావలసిన బేలు వైపు చూడకు. అక్కర్లేనిదాని మీద చెయ్యి వేసి, అదే ప్రాణమన్నట్టు అడుగు. వాడు బిగుస్తాడు. నువ్వు బతిమాలు. వాడు ఇంకా బిగుస్తాడు. అప్పుడు నిట్టూర్చి, పోనీ ఇదైనా ఇవ్వమని నీకు కావలసింది చూపించు. జాలిపడి ఇస్తాడు. మా ఇల్లు ఈ విద్య మీదే నిలబడింది. అడిగినదాన్ని అడిగినట్టు ఎవడైనా ఇచ్చేస్తాడని మా ఇంట్లో ఎవరికీ ఊహకు కూడా రాలేదు. పైగా గోడవారది గొప్పదని చెప్తే మాట బయటికి పొక్కి ఏ పిచ్చివాడో తవ్వుకుపోడా? కాబట్టి నా దారే మేలనుకున్నాను. మేలనుకోవడం కూడా కాదు, ముచ్చటపడ్డాను. దొరల కమిటీ మీద నాన్న విద్య ప్రయోగించబోతున్నానని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను.

చర్చి హాల్లో టీ, బిస్కట్లు పెట్టారు. కమిటీ పెద్ద జెఫ్రీ అనే ఆయన, పొడుగ్గా, చేతులు ముడుచుకుని, ఎవరు మాట్లాడినా తల ఊపే మనిషి. నేను లేచి ఉత్తరం వైపు పూల గురించి మాట్లాడాను. ఏం మాట్లాడానో! ఆ తెల్లదనం గురించి, సమాధుల మీద దుప్పటిలా పరుచుకోవడం గురించి, ఎంత దూరంనుంచి మనుషులు వాటిని చూడటానికి వస్తారో, అటు ఒక్క గడ్డపార పడ్డా ఎస్తేరు ఆంటీ గుండె ఎలా ఆగిపోతుందో. ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. బిగుస్తారు, ఇప్పుడు బిగుస్తారు అనుకుంటున్నాను. జెఫ్రీ బిగుసుకోలేదు. నెమ్మదిగా, "మరి గోడ వైపు? అక్కడ మేం జాగ్రత్త పడాల్సినదేమైనా ఉందా?" అని అడిగాడు.

అడిగాడు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని ఆంటీ అన్న ప్రశ్నను నన్ను అడిగాడు. నేను భుజాలెగరేశాను. కావలసిన చీరను చూసి పెదవి విరిచినట్టు విరిచి, "అక్కడేముందండీ, నాలుగు పీలికలు" అన్నాను.

తర్వాత నాన్న చెప్పిన రెండో అంకం: లేచి వచ్చేయాలి, వెనక్కి పిలుస్తారు. లేచి వచ్చేశాను. గేటు దగ్గర బూటులేసు విప్పి కట్టుకున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. జెఫ్రీ పరుగెత్తుకొస్తున్నాడు. ఇదిగో, మొదలైంది అనుకున్నాను. "మీ గొడుగు మరిచిపోయారు" అని చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

నేను ఆగాను. బేరంలో ముందు నోరు తెరిచినవాడు ఓడిపోతాడు. వాళ్ళే ఫోన్ చేస్తారని మే నెలంతా, జూనంతా ఆగాను. ఆంటీని కొడుకు హారో తీసుకెళ్ళాడు. ఫోన్లో "ఏమైంది?" అంటే, "నడుస్తోంది ఆంటీ, మనవైపే ఉంది" అన్నాను. నాకు అది అబద్ధమని కూడా తెలియదు. ఎండాకాలంలో స్నోడ్రాప్స్ పైకి కనిపించవు. ఆకు ఎండిపోయి దుంప నేలలో నిద్రపోతుంది. అక్కడ ఏదో ఉందని తవ్వేవాడికి చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. సెప్టెంబరులో, ఆంటీ ఇంటికొచ్చిన పోస్టు తీసి పెట్టమంటే వెళ్ళాను. చర్చి గేటు ఇంకా కనపడకముందే వాసన వచ్చింది.

గోడవార నల్లగా, నున్నగా, చాప పరిచినట్టుంది. రోలరు ఇంకా ఆవిరి కక్కుతోంది. మూల రాయి మొదట్లో పచ్చరంగు కమ్మీ పాతారు. జెఫ్రీ నన్ను చూసి రెండు చేతులూ చాచుకుంటూ వచ్చాడు. "మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. ఉత్తరం వైపు ఒక్క పువ్వుకు హాని జరగలేదు. నిజం చెప్పాలంటే మేం అటే వేద్దామనుకున్నాం, రోడ్డుకు దగ్గర, ఖర్చు తక్కువ. కానీ మీరలా మాట్లాడాక అందరం మనసు మార్చుకున్నాం. అదనంగా విరాళాలు పోగుచేశాం. మీరు కోరింది కోరినట్టు చేశాం." నా చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. ఆ మొహంలో వెతికితే కపటం గోరంత లేదు. కొట్టడానికి ఎక్కడా చోటు లేని మొహం అది. నేను నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నా ఆ పువ్వు బతికేది.

తవ్విన మన్ను ఎక్కడని అడిగాను. చాలావరకు లారీలో పోయింది, కంచె అవతల కొంచెం కుప్ప ఉంది. సోనామసూరి సంచులు నాలుగు నింపుకుని తెచ్చాను. కొట్టు వెనక జల్లెడ పట్టాను. పద్మ వచ్చి చూసి, రెండో జల్లెడ తెచ్చి పక్కన కూర్చుంది. గుప్పెడు దుంపలు దొరికాయి. కుండీల్లో నాటాను. అప్పుడు హారోకు ఫోన్ చేశాను.

ఆంటీ అంతా వింది. "వాళ్ళ ముందు ఏమన్నావో ఉన్నదున్నట్టు చెప్పు" అంది. చెప్పాను. పీలికలన్న మాట కూడా. "ఎప్పుడైనా, ఎవరినైనా, నీకు కావలసింది నోరు తెరిచి అడిగావా నువ్వు? పెళ్ళిచూపుల్లోనైనా?" అని ఫోన్ పెట్టేసింది. పెళ్ళిచూపుల్లో నేను పద్మ వాళ్ళ చెల్లెలిని మెచ్చుకున్న సంగతి నేనే ఒకప్పుడు గొప్పగా చెప్పాను.

ఫిబ్రవరిలో తిరిగొచ్చింది, చక్రాల కుర్చీలో. ముందు మా కొట్టు వెనక కుండీలు చూపించాను. అన్నీ పూశాయి. ఒక్కొక్కదాని గడ్డం ఎత్తి చూసింది. అన్నీ ఆకుపచ్చ తలలే. "వీటి తప్పేముంది, బాగున్నాయి" అంది, నా మొహం చూడకుండా. ఆదివారం చర్చికి తీసుకెళ్ళమంది. కుర్చీ వెళ్ళే దారి ఒకటే. ర్యాంపు మీద సగం ఎక్కాక, "ఆపు" అంది. బ్రేకు తనే వేసుకుంది. మూల రాయి పక్కనే ఉన్నాం. వెనక పది మంది ఆగిపోయారు. జెఫ్రీ లోపలినుంచి నవ్వుతూ వచ్చి, ర్యాంపు మీకు ఉపయోగపడినందుకు ఎంతో సంతోషమన్నాడు.

ఆవిడ ఇంగ్లీషు అందుకుంది. వార్డులో సిస్టరు ఇంగ్లీషు. ఆ తారు కింద ఏముండేదో, ఎలా ఉండేదో, ఎన్నేళ్ళు పట్టి అరచేయంత అయిందో, ఒక్క తడబాటు లేకుండా చెప్పింది. జెఫ్రీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఎస్తేర్, మాకు తెలియదు. ఎవరైనా చెప్పి ఉంటే..." అని నా వైపు చూశాడు.

"ఇతని సంగతి నాకు తెలుసు. నీ సంగతి చెప్పు. ప్రతి ఫిబ్రవరీ నేనిక్కడ మోకాళ్ళ మీద ఉండేదాన్ని. నువ్వు నన్ను దాటుకుని లోపలికి పోయేవాడివి. ఏం చూస్తున్నావని ఒక్కసారైనా అడిగావా?"

"మేం... మీ చెవికమ్మ పడిపోయిందేమో అనుకునేవాళ్ళం."

"ప్రతి ఏడూనా?"

ఆవిడ మూల రాయి వైపు వేలు చూపించింది.

"సరే, కమ్మే పోయిందనుకున్నారు. వెతకడానికి ఒక్కరైనా వంగారా?"

ఇప్పటికీ నాకు కోపం వచ్చేది ఇక్కడే. మర్యాద తప్పినవాళ్ళు కాదు వాళ్ళు. ఆవిడకు టీ ఇచ్చేవాళ్ళు, క్రిస్మస్ కార్డు పంపేవాళ్ళు, నడవలేనివాళ్ళకని ర్యాంపు కూడా వేశారు. ఒక గోధుమరంగు ముసలావిడ ఏటా ఒకే చోట తడినేల మీద వంగి ఉంటే, ఆవిడ పోగొట్టుకున్నదేదో వెతుకుతోందని తప్ప, తమకు లేనిదేదో చూస్తోందని ఎవరికీ తోచలేదు. ఆవిడ బ్రేకు తీసి నా వైపు చూడకుండానే తెలుగులో అంది, "నీ సంగతి తర్వాత. తొయ్యి."

ఆ 'తర్వాత' అనేది ప్రార్థన అయ్యాక వచ్చింది, ఉత్తరం వైపు, నేను ప్రాణం పెట్టి కాపాడిన తెల్లదుప్పటి అంచున. "వాళ్ళు అడగలేదని నాకు కోపం. అడిగినా నువ్వు చెప్పలేదని కోపం. ఏది పెద్దదో తేల్చుకోలేకపోతున్నా" అంది. మళ్ళీ, "అడిగితే తప్ప చెప్పనని ఇన్నేళ్ళు బిగుసుకు కూర్చున్నది నేను. అదీ ఉంది" అంది. నేను క్షమించమనబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అది కూడా బేరంలాగే అడుగుతావు. క్యారీబ్యాగు తెచ్చావా? వేసుకుని కూర్చో. వెతుకు."

క్షమించిందో లేదో నాకు ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆ ఫిబ్రవరి నుంచి ఆవిడ అడిగేదాకా ఆగడం మానేసింది. దారిన పోయేవాళ్ళను కుర్చీలోంచి పిలిచేది. "ఇలా రా. కూర్చో. నిలబడి చూసేవి కావు." పెద్దపెద్ద కోట్లవాళ్ళు, పిల్లలు, కుక్కలతో వచ్చినవాళ్ళు అందరూ మోకాళ్ళేశారు. జెఫ్రీ కూడా, కీళ్ళు టపటపమంటుండగా. పచ్చకొసలవి దొరికాయి, గాడిదచెవులు దొరికాయి. పసుపుతలది ఒక్కటీ దొరకలేదు. తర్వాతి ఏడూ దొరకలేదు. ఆ పై శరదృతువులో ఆవిడ పోయింది. పెట్టెను ర్యాంపు మీదుగానే లోపలికి తీసుకెళ్ళారు. ఒక్క కుదుపు లేదు. అంత బాగా వేశారు ఆ ర్యాంపును. తిట్టడానికి దానిలో ఒక్క లోపం దొరికినా నాకు ఆ రోజు కాస్త ఊపిరి ఆడేది.

ఇప్పుడూ నేను వ్యాపారమే చేస్తున్నాను, సాధువునేమీ అయిపోలేదు. కందిపప్పు టోకు వర్తకుడి దగ్గర ఇంకా గీచి గీచి బేరమాడతాను. కానీ, ఇది నాకు కావాలి అని మొదటే చెప్పేస్తాను. వాడు నాకు వయసు మీద పడిందనుకుంటున్నాడు. అప్పుడప్పుడు నష్టపోతాను కూడా. పోయినేడు మా అమ్మాయి వేరే ఊరి యూనివర్సిటీకి వెళతానంటే, నీ ఇష్టం అని భుజాలెగరేయబోయి, ఆగి, "నువ్వు ఇక్కడే ఉంటే నాకు బాగుంటుంది" అన్నాను. అది తెల్లబోయి, "డాడ్, యూ నెవర్ సే దట్" అంది. వెళ్ళడం వెళ్ళింది. ఆదివారాలు మాత్రం ఫోన్ చేస్తోంది. రేపు మధ్యాహ్నం కొట్టు పద్మకు అప్పగించి నేను చర్చికి వెళతాను, మోకాళ్ళ కింద క్యారీబ్యాగుతో. ఎవరు ఆగినా, ఆగకపోయినా, పిలిచి చెప్తాను.

వీధి మలుపులో గుంత పూడ్చేశారు. వాసన తగ్గింది. ఇక లెక్క తేల్చేద్దాం, తూకం దగ్గర చెయ్యి పెట్టకుండా. ఇచ్చింది: ఆరు రెక్కలూ సమానంగా ఉన్న పసుపుతల పువ్వు, అరచేయంత. దాని చుట్టూ ఉన్న పీలికలు. ఒక మనిషి మోకాళ్ళ మీద గడిపిన ఫిబ్రవరులన్నీ. మిగిలింది: ఆంటీ చూడకుండా ఆ పువ్వును తీసిన, సగం నా బూటు పడ్డ మసక ఫొటో ఒకటి నా ఫోన్‌లో, పగవాడికి కూడా పనికొచ్చే మంచి ర్యాంపు ఒకటి, ఎవరి మీద దించాలో ఈనాటికీ తేలని కోపం. వచ్చింది: ఉత్తరం వైపు తెల్లపూలు, వేలకు వేలు, ఒక్కటి కూడా తరగకుండా. నేను అడిగింది నాకు పూర్తిగా ముట్టింది.